పంపు ఆడుతూనే ఉండాలి

విశాఖపట్నం పోర్టు అథారిటీ చైర్‌పర్సన్ గారికి,

నేను అగ్నిమాపక శాఖలో ఫైర్‌మన్‌గా చేరి, లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరయినవాణ్ణి. సర్వీసంతా ఉత్తరాంధ్రలోనే గడిచింది. అందులో ఎక్కువ భాగం విశాఖలోనే. మీ పోర్టు గేటు లోపలికి ఫైరింజను మీద వచ్చానే తప్ప, తీరిగ్గా చూడడానికి ఒక్కసారీ రాలేదు.

ఇవాళ ఏప్రిల్ 14. ఊరంతా అంబేద్కర్ జయంతి. మా శాఖ వాళ్ళకి అగ్నిమాపక వారోత్సవాల మొదటి రోజు కూడా ఇదే. పొద్దున్నే స్టేషనుకి వెళ్ళి, కొత్త కుర్రాళ్ళ పక్కన నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించి వచ్చాను. ఎవరి కోసం నిలబడ్డామో అందులో ఎంతమందికి తెలుసునో నాకు అనుమానమే. ఆ అనుమానంతోనే ఇంటికొచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నేను అడగబోయేది ముందే చెప్పేస్తాను. మీ రేవులో మంటలార్పే మానిటర్లు, అంటే నీటి ఫిరంగులు, మోసిన టగ్గు ఏదైనా ముసలిదై, తుక్కు కింద వేలం వేసే రోజు వస్తుంది. అలాంటి వాటిలో ఒక్కదాన్ని అమ్మకండి. ఊరికి ఉంచండి. గట్టు మీద సిమెంటు దిమ్మకెక్కించి కాదు, నీళ్ళల్లోనే ఉంచండి. దాని ఇంజను తిరగాలి, పంపు ఆడాలి. ఇంత చిన్న కోరికకి ఇంత పెద్ద ఉత్తరం ఎందుకంటే, ఆ పంపు ఎందుకు ఆడాలో నేను కళ్ళారా చూసొచ్చాను.

2018 వేసవిలో మా అమ్మాయి దగ్గరికి జెర్సీ సిటీ వెళ్ళాను. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకి పోతే పగలంతా నడకే. హడ్సన్ నది గట్టున నిలబడితే అవతల న్యూయార్కు. ఒక సెలవు రోజున అమ్మాయి, "నాన్నా, నీ డ్యూటీకి సంబంధించిన పడవొకటి ఉందట, టికెట్టు కూడా లేదట, ఎక్కుదువుగాని రా" అంది. వెళ్ళాం. దూరం నుంచి చూడగానే నాకు నచ్చలేదు. ఒళ్ళంతా ఎరుపూ తెలుపూ చారలు, నీళ్ళల్లో రంగు కలిపినప్పుడు తిరిగే సుడుల్లాగా. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువుల గురి తప్పించడానికి ఓడలకి కళ్ళు చెదిరే చారలు పూసేవారట. ఆ యుద్ధం ముగిసి నూరేళ్ళయిన సందర్భంగా టౌబా ఔర్‌బాక్ అనే ఆర్టిస్టు ఈ పడవకి అలా రంగు వేశారు. అగ్నిమాపక పడవకి ఈ వేషం ఏమిటనుకున్నాను. ఎక్కాక ఆ మాట మరిచిపోయాను.

దాని పేరు జాన్ జె. హార్వీ. అది ఏ మేయరు పేరో, దాత పేరో కాదు. జాన్ హార్వీ ఫైర్‌బోటు నడిపే పైలట్. 1930 ఫిబ్రవరిలో హడ్సన్ రేవులో మ్యూనిక్ అనే జర్మన్ ఓడ తగలబడుతుంటే తన బోటుని దాని పక్కకి తీసుకెళ్ళాడు. ఓడ పేలింది. ఆయన పోయాడు. మరుసటి ఏడు, 1931లో, బ్రూక్లిన్‌లోని టాడ్ షిప్‌యార్డులో కట్టిన కొత్త ఫైర్‌బోటుకి ఆయన పేరు పెట్టారు. డ్యూటీలో పోయిన మనిషి పేరు డ్యూటీ చేసే పడవకి పెట్టడం నాకు చాలా సరైన పని అనిపించింది. మన దగ్గర పోయినవాళ్ళ పేర్లు గోడ మీద ఫలకానికి ఎక్కుతాయి, ఆ తర్వాత ఆ గోడకి సున్నం కొడతారు.

మన రేవుకి తొలి ఓడ జలదుర్గ వచ్చింది 1933లో. అంటే ఈ పడవ మీ పోర్టు కంటే రెండేళ్ళు పెద్దది.

పొడవు 130 అడుగులు, వెడల్పు 28. న్యూయార్కు అగ్నిమాపక శాఖలో అంతకుముందు ఫైర్‌బోట్లన్నీ ఆవిరితో నడిచినవే. ఇదే మొదట పెట్రోలు ఇంజన్లతో వచ్చింది. 1957లో డీజిల్‌కి మారింది. ఐదు ఇంజన్లు. పూర్తిగా ఆడిస్తే నిమిషానికి 18,000 గ్యాలన్ల నీళ్ళు చిమ్మగలదని లెక్క. మన లెక్కలో దాదాపు 68,000 లీటర్లు. మా వాటర్ టెండరు ట్యాంకులో పట్టేది 4,500 లీటర్లు. నిమిషానికి పదిహేను ఫైరింజన్ల ట్యాంకులు ఖాళీ చేస్తున్నట్టు. ఈ సంఖ్య విని పక్కనున్న పిల్లలు ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం కడుపులో ఎక్కడో కలుక్కుమంది. మంట ముందు నిలబడి హోసు బ్రాంచిలోంచి ధార సన్నబడుతుంటే, ట్యాంకు అయిపోతోందని అర్థమై, రెండో బండి సైరన్ కోసం చెవులు రిక్కించినవాడికి ఆ సంఖ్య వేరుగా వినబడుతుంది. ఫైర్‌బోటుకి ట్యాంకు లేదు. అది తేలుతున్న నీళ్ళే దాని ట్యాంకు.

ఇండియాలో ఫైర్ సర్వీసులో పనిచేశానని చెప్పగానే అక్కడి వాలంటీరు ఒకాయన నా చెయ్యి పట్టుకుని కిందికి, ఇంజను గదికి తీసుకెళ్ళాడు. నిచ్చెన దిగితే నీటి మట్టానికి కింద ఉన్నాం. డీజిల్ వాసన, వేడి, చెవులు బద్దలయ్యే మోత. బయట ఏముందో కనబడదు. ఆ పడవ నడిపే తీరే వేరు. పైన పైలట్ చుక్కాని పట్టుకుంటాడు గానీ వేగం అతని చేతిలో ఉండదు. అతను టెలిగ్రాఫ్ ముల్లు తిప్పితే కింద గంట మోగుతుంది. కిందున్న ఇంజనీరు ఆ గంట విని, ముందుకో వెనక్కో, మెల్లగానో జోరుగానో మోటార్లను తిప్పాలి. అంటే పడవ కదలికంతా కళ్ళకి ఏమీ కనబడని మనిషి చేతిలో, పైవాడి మీద నమ్మకంతో నడుస్తుంది. పొగ నిండిన గదిలోకి తాడు పట్టుకుని వెళ్ళినవాళ్ళకి ఈ నమ్మకం ఏమిటో నేను చెప్పక్కర్లేదు. డాట్‌కామ్ కంపెనీలో పనిచేసిన జెస్సికా డులాంగ్ అనే ఆవిడ ఈ పడవ మీద వాలంటీరుగా చేరి, ఆ కింది గదిలో పని నేర్చుకుని, చీఫ్ ఇంజనీరు అయింది. తర్వాత ఆ అనుభవాల మీద పుస్తకం రాసింది. పాత యంత్రాన్ని నడిచేలా ఉంచితే అది కొత్త మనుషులకి పని నేర్పుతుంది. అద్దాల పెట్టెలో పెడితే పేరు చదివి వెళ్ళిపోతారు.

ఈ పడవ చూసిన రెండు ప్రమాదాల సంగతి మీకు చెప్పాలి. రెండూ రేవులో జరిగినవే. రేవు నడిపేవారు తెలుసుకోవలసినవే.

మొదటిది 1942 ఫిబ్రవరి 9. నార్మండీ అనే ఫ్రెంచి ప్రయాణికుల ఓడ, ప్రపంచంలో పెద్దవాటిలో ఒకటి, హడ్సన్ రేవులో సైనికులను మోసే ఓడగా మారుతోంది. గ్యాస్ కటింగ్ రవ్వలు పడి లైఫ్ జాకెట్ల గుట్ట అంటుకుంది. గట్టు మీది ఇంజన్లూ నీళ్ళల్లోని బోట్లూ కలిసి నీళ్ళు కొట్టాయి, హార్వీ కూడా. మంట ఆరింది. కానీ పై అంతస్తుల్లో నిలిచిన నీళ్ళ బరువుకి ఓడ ఒక పక్కకి ఒరిగి ఒరిగి, అదే రాత్రి తెల్లవారుజామున పూర్తిగా పక్కకి పడిపోయింది. దాన్ని గీసి కట్టించిన డిజైనరు వచ్చి సలహా చెప్పబోతే లోపలికి రానివ్వలేదట. నీళ్ళు కొట్టడం ఎంత ముఖ్యమో ఎక్కడ ఆపాలో తెలియడం అంత ముఖ్యమని మాకు ట్రైనింగులో చెప్పేవారు. ఆ పాఠానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నేను వినలేదు.

రెండోది 1943 ఏప్రిల్ 24. జెర్సీ సిటీ కేవెన్ పాయింట్ దగ్గర ఎల్ ఎస్టెరో అనే సరుకు ఓడ. లోపల 1,300 టన్నులకు పైగా బాంబులు, మందుగుండు. అడుగున బాయిలర్ల దగ్గర నూనె అంటుకుంది. పక్కనే మరిన్ని మందుగుండు ఓడలు, గట్టు మీద రైలు వ్యాగన్లు, ఇవతల జెర్సీ సిటీ, అవతల న్యూయార్కు. కోస్ట్ గార్డు కుర్రాళ్ళు ఓడలోనే ఉండిపోయి హోసులు పట్టుకున్నారు. ఫైర్ ఫైటర్, జాన్ జె. హార్వీ అనే రెండు ఫైర్‌బోట్లు రెండు పక్కలా అంటిపెట్టుకుని నీళ్ళు కొడుతూనే ఉన్నాయి. టగ్గులు ఓడని రేవు నుంచి లాగి దూరంగా తీసుకుపోయాయి. అక్కడ ఫైర్‌బోట్లు దాని కడుపు నిండా నీళ్ళు నింపి ముంచేశాయి. పేలలేదు. ఒక్క ప్రాణం పోలేదు. మా అమ్మాయి ఇంటి నుంచి ఆ చోటికి నాలుగైదు కిలోమీటర్లుంటుంది. ఒక సాయంత్రం నడుచుకుంటూ వెళ్ళి చూసొచ్చాను. గడ్డి, కొంగలు, నీళ్ళు. ఏమీ జరగలేదు కాబట్టి చూడడానికి ఏమీ లేదు.

సరిగ్గా ఏడాదికి పది రోజులు తక్కువ. 1944 ఏప్రిల్ 14. బొంబాయి విక్టోరియా డాకులో ఎస్.ఎస్. ఫోర్ట్ స్టైకిన్. లోపల దాదాపు 1,400 టన్నుల మందుగుండు, దాంతోపాటే పత్తి బేళ్ళు, నూనె పీపాలు, బంగారం. మధ్యాహ్నం రెండో నంబరు హోల్డులో పొగ కనబడింది. బొంబాయి ఫైర్‌మన్లు వచ్చి నీళ్ళు కొట్టారు. ఓడని బయటికి లాగాలా, ఉన్నచోటే ముంచాలా, నిర్ణయం ఎవరు తీసుకోవాలి అనే దగ్గరే కాలం గడిచిపోయింది. సాయంత్రం 4 గంటల 6 నిమిషాలకి ఓడ పేలింది. ఓడ మీదా గట్టు మీదా హోసులు పట్టుకుని నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే పోయారు. 66 మంది ఫైర్‌మన్లు. ఊళ్ళో పోయినవాళ్ళు వందలు. ఆ పేలుడు అదురు సిమ్లాలోని భూకంప యంత్రాల మీద కూడా నమోదయింది. ప్రతి ఏప్రిల్ 14న దేశంలో ప్రతి ఫైర్ స్టేషనులో రెండు నిమిషాలు నిలబడేది ఆ 66 మంది కోసం.

అక్కడ నిర్ణయం తీసుకున్నారు, ఇక్కడ తీసుకోలేకపోయారు. ఫైర్‌బోటు ఒక్కటే అంతా మార్చేసిందని నేననను. మందుగుండు పక్కన పత్తి బేళ్ళెందుకున్నాయి, అధికారం ఎవరి చేతిలో ఉంది, ఇవన్నీ ఉన్నాయి. కానీ ఒక విషయం చూడండి. ఎల్ ఎస్టెరో మంట దగ్గర నిలబడ్డ పడవ ఇవాళ్టికీ నీళ్ళ మీద ఉంది. మా అమ్మాయి లాంటి వాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళి దాని డెక్కు మీద నిలబెట్టి ఆ కథ చెప్పగలుగుతున్నారు. పోయిన 66 మంది కథ చెప్పడానికి మన తీరంలో పిల్లల్ని తీసుకెళ్ళి నిలబెట్టదగిన పడవ ఒక్కటి నా కంటబడలేదు.

ఇప్పుడు వేలం సంగతి. 1994లో హార్వీ రిటైరయింది. ఐదేళ్ళు మూలన పడుంది. 1999లో నగరం దాన్ని వేలానికి పెట్టింది. తుక్కువాళ్ళు పాడబోతుంటే, ఒక ఆర్కిటెక్టు, ఒక రెస్టారెంటు యజమాని, మరికొందరు నగరవాసులు చందాలు వేసుకుని 28,010 డాలర్లకి కొన్నారు. తుప్పు గోకారు, ఇంజన్లు విప్పి కట్టారు, పంపులు ఆడించారు. 2000లో అది అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాకి ఎక్కింది. ప్రజలకి చూపించడానికి, ఊరికే షికారు తిప్పడానికి. అంతవరకే అనుకున్నారు.

2001 సెప్టెంబరు 11. జంట టవర్లు కూలాయి. వాటితో పాటు భూమిలో నీటి గొట్టాలూ తెగాయి. హైడ్రెంట్లు ఎండిపోయాయి. ఫైర్ సర్వీసులో ఇంతకంటే భయంకరమైన మాట ఇంకొకటి లేదు, అయ్యా. మంట ఉంది, మనుషులున్నారు, బళ్ళున్నాయి, నీళ్ళు లేవు. ఆ పొద్దున హార్వీ వాలంటీర్లు పిలవకుండానే బయల్దేరి, నగరం దక్షిణపు కొసన గట్టు మీద చిక్కుకున్న 150 మందిదాకా ఎక్కించుకున్నారు. ఆ రోజు చిన్నా పెద్దా పడవలన్నీ కలిసి తొమ్మిది గంటల్లో ఐదు లక్షల మందికి దగ్గరగా జనాన్ని దాటించాయి. హార్వీ జనంతో పోతుండగా అగ్నిమాపక శాఖ నుంచి రేడియోలో పిలుపొచ్చింది. వాళ్ళని దింపేసి వెనక్కి రండి, నీళ్ళు కావాలి అని. ఏ శాఖ రిటైరు చేసి అమ్మేసిందో ఆ శాఖే పిలిచింది. వేలంలో అమ్ముడై అప్పటికి రెండేళ్ళే.

హార్వీ వెనక్కి తిరిగింది. నగరం సొంత ఫైర్‌బోట్లు ఫైర్ ఫైటర్, జాన్ డి. మెకీన్‌లతో పాటు గట్టుకి కట్టుకుని హడ్సన్ నీళ్ళు తోడింది. గట్టు మీద హోసులు పరిచి ఆ నీళ్ళు మంటల దాకా తీసుకెళ్ళారు. 80 గంటలు ఆపకుండా. మూడు పగళ్ళు, మూడు రాత్రుళ్ళు దాటి. అప్పటికి దాని వయసు 70 ఏళ్ళు.

ఈ కథ ఇంజను గదిలో ఆ వాలంటీరు చెప్తుంటే నేను ఒక ఇంజను మీద చెయ్యి వేసి నిలబడ్డాను. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మాయి చూసి ఏమిటి నాన్నా అంది. వేడికి అన్నాను.

వేడి కాదు. మా స్టేషనులో ఒక ట్రెయిలర్ పంపు ఉండేది. యుద్ధకాలం నాటిది. నేను చేరేసరికే వాడకంలో లేదు. కానీ మా డ్రైవరు మామ దాన్ని వారానికోసారి విప్పి, తుడిచి, స్టార్టు చేసి, బావిలో సక్షన్ హోసు వేసి ప్రైమింగ్ చేసేవాడు. మాకు పంపు అంటే ఏమిటో తెలిసింది దాని మీదే. కొత్త బళ్ళల్లో అన్నీ మూతల కింద ఉంటాయి. దాంట్లో అన్నీ కంటికి కనబడేవి. మామ రిటైరయ్యాక దాన్ని కదిపినవాడు లేడు. రెండు వర్షాకాలాలకి బిగుసుకుపోయింది. తర్వాత పాత టైర్లతో, పగిలిన బకెట్లతో కలిపి తూకం వేసి అమ్మేశారు. నేనూ ఆ కాగితం మీద సాక్షి సంతకం పెట్టాను. అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. న్యూయార్కులో ఆ ఇంజను గదిలో అనిపించింది. మామ ఆ పంపుని ఆడిస్తున్నంతకాలం అది ఉంది. ఆడించడం మానేసిన రోజే పోయింది, తూకం వేసిన రోజు కాదు.

అందుకే మ్యూజియం అంటే నాకు భయం కూడా. రంగు వేసి, బోర్డు పెట్టి, రిబ్బను కత్తిరించి వదిలేస్తారేమోనని.

మన ఊరికి మ్యూజియాలు కొత్త కాదు. 2001లో నేవీ నుంచి రిటైరయిన ఐ.ఎన్.ఎస్. కుర్సురా సబ్‌మెరీన్‌ని ఒడ్డుకి లాగి, 2002లో జనానికి తెరిచారు. 91 మీటర్ల పొడవున్న దాన్ని ఇసకలోకి లాగడం మామూలు పని కాదు. రిటైరయిన నేవీ వాళ్ళే దాంట్లో గైడ్లుగా ఉంటారు. వాళ్ళు చెప్తుంటే వినడమే ఒక చదువు. ఎదురుగా టి.యు. 142 విమానం కూడా వచ్చింది. బయటి ఊళ్ళ నుంచి ఎవరొచ్చినా మేం ముందు అక్కడికే తీసుకెళ్తాం. ఈ ఊరికి పాత ఓడని గౌరవించడం చేతనవును. చేతకాదనుకుంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణే కాదు.

కానీ దేశంలో ఓడిపోయిన కథలూ ఉన్నాయి. ఐ.ఎన్.ఎస్. విక్రాంత్, 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో పనిచేసిన మన మొదటి విమాన వాహక నౌక, రిటైరయ్యాక ముంబైలో మ్యూజియంగా ఉండేది. పోషించలేక 2012లో మూసేశారు, 2014లో విరగ్గొట్టారు. ఇంకో విమాన వాహక నౌక విరాట్‌ని విశాఖకి తెస్తామని 2016లో మన రాష్ట్ర ప్రభుత్వమే అంది. రాలేదు. 2020లో అలాంగ్ తుక్కు రేవుకి వెళ్ళిపోయింది. రెండూ కొండలంత ఓడలు. డ్రైడాకు ఖర్చే కోట్లు. అవి నిలబడనందుకు నేనెవరినీ తప్పు పట్టను. టగ్గు అలా కాదు. ముప్పై మీటర్లు, మహా అయితే నలభై. మీ పోర్టులో దానికి కట్టుకునే చోటుంది. పక్కనే 1948లో జల ఉష ఓడని నీళ్ళల్లోకి దింపిన షిప్‌యార్డు ఉంది. చిన్నదాన్ని పట్టుకుంటే నిలబెట్టుకోగలం.

న్యూయార్కు ఒక్కటే అనుకోకండి. లండన్‌లో 1935 నాటి మాసీ షా ఉంది, 1940లో డంకర్క్ వెళ్ళి సైనికుల్ని మోసుకొచ్చిన థేమ్స్ నది ఫైర్‌బోటు. సియాటిల్‌లో 1909 నాటి డువామిష్ ఉంది. బఫెలో ఊళ్ళో 1900 నాటి ఎడ్వర్డ్ ఎం. కాటర్ రిటైరవనే లేదు, చలికాలంలో నదిలో మంచు కూడా పగలగొడుతుంది. 2001లో హార్వీ పక్కన నిలబడ్డ ఫైర్ ఫైటర్, మెకీన్ కూడా రిటైరయి ఇవాళ మ్యూజియం పడవలయ్యాయి. ఆ రోజు నీళ్ళిచ్చిన ముగ్గురూ తుక్కు తప్పించుకున్నారు. న్యూయార్కు వాళ్ళు కొత్తది తెచ్చుకున్నారు, 2010లో. నిమిషానికి 50,000 గ్యాలన్లు కొడుతుంది. దాని పేరు త్రీ ఫార్టీ త్రీ. సెప్టెంబరు 11న పోయిన తమ 343 మంది లెక్కే దాని పేరు.

మన లెక్కలూ మనకున్నాయి. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీ మంటలు ఈ ఊళ్ళో మా వయసు వాళ్ళెవరూ మరవలేదు. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బరు. నేనప్పటికి రిటైరయి చాలా కాలమయింది. టీవీలో చూసి నిద్రపట్టక, తెల్లారగానే వెళ్ళాను. దాదాపు నలభై మరబోట్లు. ఒకదాన్నొకటి ఒరుసుకుని కట్టి ఉన్న బోట్లు, లోపల డీజిలు, వంట గ్యాసు సిలిండర్లు, నైలాన్ వలలు, ఫైబరు. ఒకటి అంటుకుంటే పక్కది ఆగదు. తాడు కాలి తెగిన బోటు మండుతూ కొట్టుకుపోయి ఇంకోదాన్ని అంటిస్తుంది. గట్టు మీది నుంచి మేం కొట్టే ధార మొదటి వరస దాటి మూడో వరసకి చేరదు. నీటి వైపు నుంచి వచ్చి కొట్టాల్సిన మంట అది. జెట్టీ మీద ఒక గంగపుత్రుల పెద్దాయన మసిబారిన ఇంజను ముందు గొంతుక్కూర్చున్నాడు. వేటకి వెళ్ళేముందు దేవుడికి కొట్టిన కొబ్బరికాయ చిప్ప ఒకటి ఆ బూడిదలో ఇంకా ఉంది. ఆయన నాతో ఏం మాట్లాడలేదు. నేనూ ఏం మాట్లాడలేదు.

అందుకే చోటు గురించి నాకొక ఆలోచన ఉంది. మీ లోపలి బెర్తుల దగ్గర అయితే సి.ఐ.ఎస్.ఎఫ్. తనిఖీలు, పాసులు, స్కూలు పిల్లలు రాలేరు. బీచి రోడ్డులో కుర్సురా పక్కన ఒడ్డుకి లాగితే పంపు చచ్చిపోతుంది. ఫిషింగ్ హార్బరు వైపు అయితే నీళ్ళున్నాయి, జనం నడిచి రావచ్చు, బోట్లు కాలినవాళ్ళ కళ్ళ ముందు ఉంటుంది. వాళ్ళ పిల్లలే మొదటి వాలంటీర్లు కావచ్చు. ఇంజను గురించి, అలల గురించి వాళ్ళకి తెలిసినంత మాకు తెలీదు. టికెట్టు పెట్టాలంటే పెద్దవాళ్ళకి పెట్టండి, పిల్లలకి వద్దు. కుర్సురాని చూసుకుంటున్న వి.ఎం.ఆర్.డి.ఎ. వారితో కలిసి చేస్తారో, అగ్నిమాపక శాఖకే అప్పగిస్తారో అది మీ నిర్ణయం. నెలకోసారి ఇంజను తిప్పాలన్న మాట మాత్రం కాగితం మీద ఉండాలి. తిప్పిన తేదీ, గంటలు, పంపు ప్రెషరు, ఎవరు తిప్పారు, లాగ్ పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకాన్ని వచ్చిన ప్రతివాడూ తిరగేసి చూడగలిగేలా బల్ల మీద పెట్టాలి. పేజీ ఖాళీగా ఉంటే అడిగేవాడు ఉంటాడు.

ఖర్చు ఉంటుంది. ఉప్పు నీళ్ళల్లో ఇనుము ఊరుకోదు. మూడు నాలుగేళ్ళకోసారి డ్రైడాకు, ప్లేట్లు మార్చడం, జింకు దిమ్మలు, రంగు. ఇది ఒకసారి పెట్టి మరిచిపోయే ఖర్చు కాదు. న్యూయార్కు వాళ్ళు కూడా చందాలతో, వాలంటీర్ల చెమటతో ఏడాదికేడాది నెట్టుకొస్తున్నారు. ఈ కష్టం దాచిపెట్టి మిమ్మల్ని ఒప్పించాలని నాకు లేదు. మనుషులకి మాత్రం కొదవ ఉండదు. ఈ ఊళ్ళో రిటైరయిన ఫైర్‌మన్లున్నాం, టగ్గు సరంగులున్నారు, షిప్‌యార్డు ఫిట్టర్లున్నారు, పోర్టు ఇంజను డ్రైవర్లున్నారు. పొద్దున్నే బీచిలో నడిచి, పేపరు చదివి, మధ్యాహ్నానికి ఏం చెయ్యాలో తెలియక కూర్చునేవాళ్ళం. చేతుల్లో పని ఇంకా ఉంది. జీతం అడగం. ఓవరాల్, టీ ఇస్తే చాలు.

ఆ పడవకి పేరు కూడా మీరే పెట్టండి. డ్యూటీలో పోయిన ఒక ఫైర్‌మన్ పేరు పెడితే నాకు సంతోషం. బతికున్నవాళ్ళ పేరు మాత్రం పెట్టకండి.

వచ్చేటప్పుడు అమ్మాయి నాకొక పిల్లల బొమ్మల పుస్తకం కొనిచ్చింది. హార్వీ గురించి మైరా కాల్మన్ 2002లో రాసి బొమ్మలు వేసిన పుస్తకం. మనవడికి ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఒకసారి వాడు అడిగాడు, మన వైజాగ్‌లో అలాంటి పడవ ఎక్కడుంది తాతా, చూపించు అని. పోర్టులో టగ్గులున్నాయిరా, లోపలికి రానివ్వరు అన్నాను. మరి ముసలివైపోయాక ఎక్కడుంటాయి అన్నాడు. నేను పేజీ తిప్పాను.

మళ్ళీ ఏప్రిల్ 14 వస్తుంది. స్టేషనుల్లో మౌనం పాటిస్తాం, సరే. ఆ సాయంత్రం 4 గంటల 6 నిమిషాలకి మన రేవులో ఒక పాత పడవ ఇంజను స్టార్టయి, దాని మానిటర్లన్నీ ఒక్కసారి ఆకాశంలోకి నీళ్ళు కొట్టేలా చెయ్యండి. కబురు పెడితే స్టార్టు చెయ్యడానికి నేను మూడు గంటలకే వచ్చి ఉంటాను.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ లీడింగ్ ఫైర్‌మన్,
విశాఖపట్నం